బూచోడికి పదిహేను రోజుల గడువు

గోగులమ్మపేట మున్సిపాలిటీ వారి చిన్నారుల సంరక్షణ కేంద్రానికి గేటు లేదు. ఒకప్పుడు ఉండేది. రెండు నెలల క్రితం ఒక ఇసుక లారీ వెనక్కి వస్తూ దాన్ని తగిలించుకుని, తన సొంత సామానేదో తీసుకెళ్తున్నట్టు వీధి చివరిదాకా ఈడ్చుకెళ్ళి వదిలేసింది. మున్సిపాలిటీ వారు వెంటనే స్పందించారు. వంగిపోయిన గేటు పొడవు, వెడల్పు, వంపు కొలిచి, రిజిస్టర్లో రాసుకుని, భద్రంగా స్టోరుకి పట్టుకుపోయారు. గేటు ఉండాల్సిన చోట ఇప్పుడు రెండు స్తంభాలున్నాయి, వాటి మధ్య ఎనిమిదడుగుల గాలుంది, ఆ గాలి అవతల మెయిన్ రోడ్డుంది, రోడ్డు నిండా లారీలున్నాయి.

సోమవారం పొద్దున సువార్త కూతురు నిస్సీ, నాలుగేళ్ళది, ఒక బాతుపిల్ల వెనకాలే ఆ గాలిలోంచి నడుచుకుంటూ రోడ్డెక్కింది. లారీ డ్రైవరు బ్రేకు మీద నిలబడిపోయాడు. లారీ కీచుమని ఆగేసరికి నిస్సీకీ బంపరుకీ మధ్య ఒక చేట పట్టేంత జాగా మిగిలింది. బాతుపిల్ల ఏమీ జరగనట్టు పక్కనున్న కాలవలోకి దిగిపోయింది.

సువార్త జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజలు కొడుతుంది. కబురు తెలియగానే జీడి అంటకుండా చేతులకి రాసుకున్న బూడిద కూడా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చి, కూతుర్ని చంకనేసుకుని, ఫ్యాక్టరీకీ వెళ్ళక, ఇంటికీ వెళ్ళక, ఆ రెండు స్తంభాల మధ్య చాలాసేపు నిలబడిపోయింది. మర్నాడు మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళింది. ఆవిడ అడగదలుచుకున్నది ఒక్కటే ముక్క. గేటు పెట్టండి.

అక్కడ బాలల సేవల ఫిర్యాదుల విభాగం సీనియర్ అసిస్టెంటు విస్సంరాజు గారు ఖాళీ టేబుల్ ముందు ప్రశాంతంగా కూర్చుని ఉన్నారు.

“చెప్పండమ్మా.”

“పిల్లల సెంటరుకి గేటు లేదండి. నిన్న మా పాప రోడ్డు మీదకి...”

“ఆగండాగండి. పాప ఏదీ?”

“సెంటర్లో ఉందండి.”

“మరి ఫిర్యాదు ఎవరిది?”

“నాదేనండి.”

“మీరా సెంటర్లో చేరారా?”

“నేనెందుకు చేర్తానండీ బాబూ!”

“మధ్యాహ్నం అక్కడ గుడ్డు తింటున్నారా? చాప మీద పడుకుంటున్నారా? ఉయ్యాల ఊగుతున్నారా?”

“లేదండి.”

“మరి మీకేంటమ్మా ఫిర్యాదు?” అన్నారాయన. వెటకారం కాదు, ఆయనకి నిజంగానే అర్థం కాలేదు.

ఇక్కడ సంగతేంటంటే, కమిషనర్ పరాంకుశం గారు ఈమధ్యనే ‘బాలల గొంతుక’ అనే మూడు రోజుల శిక్షణకి వెళ్ళి, ఒక సంచీ, ఒక పెన్నూ, ఒక గట్టి నమ్మకంతో తిరిగొచ్చారు. పెన్ను ఆ సాయంత్రానికే పోయింది, నమ్మకం మాత్రం ఉండిపోయింది. మర్నాడే ‘బాలవాణి’ సర్క్యులర్ వచ్చేసింది. “బాలల సేవలపై ఫిర్యాదు చేయు హక్కు కేవలం బాలలకే కలదు. తల్లిదండ్రులు తదితరులు ఈ విషయమున దళారులుగా పరిగణింపబడుదురు. బాలల మాటను యథాతథముగా స్వీకరించవలెను. ఎట్టి పరిస్థితులలోను ఖండించరాదు.” అంతే! అప్పటిదాకా పేరుకుపోయి ఉన్న మూడు వందల పన్నెండు ఫిర్యాదులూ ‘దళారుల ద్వారా అందినవి’ అన్న ఒకే ఒక్క వాక్యంతో ఆ మధ్యాహ్నం భోజనాల లోపే పరిష్కారమైపోయాయి. జిల్లా నుంచి అభినందన లేఖ వచ్చింది. విస్సంరాజు గారి తల వెనకాల ఫ్రేములో ఉన్నది అదే.

“దానికి నాలుగేళ్ళండి,” అంది సువార్త.

“అంటే నాలుగేళ్ళ ప్రత్యక్షానుభవం! మాకు అంతకంటే ఏం కావాలి? తీసుకురండి. మొట్టమొదటి ఫిర్యాదుదారు అవుతుంది.”

“మీరే ఒక్కసారొచ్చి చూడండి సార్, గేటుందో లేదో తెలిసిపోద్ది.”

“చూడ్డానికి ఫిర్యాదు ఉండాలి కదమ్మా,” అన్నారు విస్సంరాజు గారు, చాలా దయగా.

ఇంకేముంది, బుధవారం సగం రోజు పనిమానేసి సువార్త కూతుర్ని తీసుకొచ్చింది. దారంతా పాఠం చెప్పింది. “ఏం చెప్పాలమ్మా? గేటు లేదని చెప్పాలి. ఏం లేదు?” “గేటు లేదు.” “మళ్ళీ చెప్పు.” “గేటు లేదు గేటు లేదు గేటు లేదు!” నిస్సీ దాన్ని పాట చేసుకుని మెట్లు ఎక్కింది.

బాలవాణి గదిలో గోడ మీద పెద్ద కుందేలు బొమ్మ ఉంది. దానికి ఎందుకో కళ్ళజోడు పెట్టారు. అధికారి కంటిచూపు బాలల కంటిచూపు కంటే ఎత్తున ఉండరాదని సర్క్యులర్లో ఉండడం వల్ల గదిలో అన్నీ జానెడెత్తు కుర్చీలే. విస్సంరాజు గారు అలాంటి ఒక కుర్చీలో ఇరుక్కుని, మోకాళ్ళు చెవుల పక్కన పెట్టుకుని కూర్చున్నారు. సువార్తని తలుపు దగ్గర నేల మీద గీసిన పసుపుపచ్చ గీత వెనకాల నిలబెట్టారు.

“ఇది దళారీ రేఖమ్మా. దాటకూడదు, మాట్లాడకూడదు.” ఆయన రికార్డర్ నొక్కారు. “చెప్పు తల్లీ. సదరు కేంద్రములో నీవు ఎదుర్కొను సమస్య ఏమిటి?”

నిస్సీ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది.

“నీ మీసం ముక్కులోంచి వచ్చిందా?”

“ఇది సిబ్బందిపై ఆరోపణ. దీనికి ఫారం వేరు.” ఆయన గొంతు సవరించుకున్నారు. “కేంద్రం గురించి చెప్పమ్మా.”

గీత వెనకాల సువార్త చేతులు రెండూ పైకెత్తి గాల్లో ఒక గేటు వేసి, దాన్ని తీసి, మళ్ళీ మూసి చూపించింది.

“సైగలు కూడా సూచనల కిందికే వస్తాయమ్మా! చేతులు కట్టుకోండి.”

సువార్త చేతులు కట్టుకుంది. నిస్సీ చాలాసేపు కుందేలు వంక చూసింది. తర్వాత గొంతు తగ్గించి, ఎంతో ముఖ్యమైన విషయం చెప్పే వాళ్ళలా ముందుకి వంగింది.

“అక్కడ బూచోడున్నాడు.”

“ఎక్కడ?”

“స్టోర్ రూంలో. బియ్యం బస్తా వెనకాల. అన్నం తినకపోతే ఎత్తుకుపోతాడంట. వరాలాయా చెప్పింది.”

విస్సంరాజు గారు గబగబా రాసుకున్నారు. ఒక్క అక్షరం కూడా మార్చలేదు, మార్చడానికి వీల్లేదు.

“నిస్సీ! గేటు!” అని అరిచేసింది సువార్త.

“అయిపోయిందమ్మా, నమోదైపోయింది. బాలవాణి ఒకటో నంబరు ఫిర్యాదు. అభినందనలు.” ఆయన నిస్సీ బొటనవేలు పట్టుకుని ఇంకు ప్యాడ్ మీద అద్దించారు. నిస్సీ మిగతా తొమ్మిది వేళ్ళూ తనే అద్దుకుని ఫారం అంతా వేసేసింది.

“గేటు సంగతండీ?”

“గేటు గురించి ఫిర్యాదుదారు ప్రస్తావించలేదు.”

శుక్రవారం పొద్దున సువార్త నిస్సీని దింపడానికి వెళ్ళేసరికి టౌన్ ప్లానింగ్ సూపర్వైజరు నాగభూషణం టేపు పట్టుకుని సెంటరు ముందు నిలబడి ఉన్నాడు. ఆవిడ ప్రాణం లేచొచ్చింది. టేపు వచ్చిందంటే గేటు వచ్చినట్టే కదా! నాగభూషణం ఆ ఎనిమిదడుగుల గాలిలోంచి సైకిలుతో సహా లోపలికి వచ్చేసి, తిన్నగా స్టోర్ రూం దగ్గరికి పోయి, తలుపు కొలవడం మొదలెట్టాడు.

“గేటు అటుందండి,” అంది సువార్త. “అంటే, అటు లేదండి.”

“నేను ఆక్రమణ మీద వచ్చానమ్మా,” అన్నాడతను. “వరాలమ్మంటే ఎవరు?”

ఆయా వరాలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“ఈ గదిలో బూచోడున్నాడని పిల్లలకి మీరు చెప్పారా?”

“ఏదో అన్నం తింటారని...”

“ఉన్నాడా, లేడా? లేడంటే లబ్ధిదారులకి తప్పుడు సమాచారం ఇచ్చినట్టు. మెమో వస్తుంది.”

పద్దెనిమిదేళ్ళ నుంచీ పర్మనెంటు కాని ఉద్యోగం వరాలమ్మది. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“ఉన్నాడండి.”

“ఎప్పట్నించీ?”

“మా చిన్నప్పట్నించీ ఉన్నాడండి. మా అమ్మ చెప్పేది.”

“అంటే నలభై ఏళ్ళు దాటిన ఆక్రమణ.” నాగభూషణం తల పంకించి రాసుకున్నాడు. “ఇంతకాలం ఎవరూ పట్టించుకోలేదన్నమాట. ఎలా ఉంటాడు?”

దానికి పదిహేను మంది పిల్లలూ ఒక్కసారే జవాబు చెప్పారు. ఒకడు నల్లగా ఉంటాడన్నాడు, ఇంకొకత్తె ఎర్రగా అంది, మూడోవాడు చారలున్నాయని ఒట్టేశాడు. ఇంత ఉంటాడని కొందరు చేతులు చాపారు, ఇంతే ఉంటాడని కొందరు వేళ్ళు చూపించారు. ఎవరి మాటనీ ఖండించడానికి లేదు. నాగభూషణం తలుపు మీద చెవి ఆనించి విని, తాళం తీసి, బియ్యం బస్తా వెనక్కి టార్చి కొట్టి చూసి, మళ్ళీ తాళం వేయించి పంచనామా రాశాడు.

“పేరు: బూచోడు. తండ్రి పేరు: తెలియరాలేదు. వృత్తి: ఎత్తుకుపోవుట. రంగు విషయమున, ఆకారము విషయమున సాక్షుల కథనములు భిన్నముగా నున్నందున సదరు వ్యక్తి కుటుంబ సమేతముగా నివసించుచున్నట్లు తెలియుచున్నది. కుటుంబ సభ్యులు: పెద్దలు ఇద్దరు, పిల్లలు ఇద్దరు. తనిఖీ సమయమున ఎవరూ ఇంట లేరు.”

“సార్, బూచోడు లేడు సార్. మీకు తెలీదా?” అంది సువార్త.

నాగభూషణం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “నాకు తెలుసమ్మా. కానీ ఆ మాట అనడానికి నా వయసు దాటిపోయింది.”

“పోనీ ఇంతదూరం వచ్చారు, ఆ గేటు లేదని కూడా అందులో ఒక ముక్క రాయండి.”

“ఆక్రమణ రిపోర్టులో గేటు రాస్తే ఆ గేటుని కూడా తొలగించమంటారు.”

“అసలు లేనేలేదు కదండీ!”

“అందుకే రాయట్లేదు.”

ఇక చూడండి. సోమవారం కల్లా స్టోర్ రూం తలుపు మీద ఎర్రక్షరాలతో నోటీసు అంటించారు. శ్రీ బూచోడు గారు మున్సిపల్ ఆస్తిని అనధికారికంగా ఆక్రమించినందున పదిహేను రోజుల్లోగా ఖాళీ చేయాలి. అదే వారం సంక్షేమ విభాగం వాళ్ళు వచ్చి, బూచోడి పిల్లలిద్దరూ కూడా బాలలే కాబట్టి వాళ్ళకి సేవలు నిరాకరించడం నేరమన్నారు. హాజరు పట్టీలో పదిహేడు పేర్లయ్యాయి. చివరి రెండు పేర్లూ ‘చిన్న బూచోడు’, ‘బూచమ్మ’. వరాలమ్మ రోజూ పిలుస్తుంది, రోజూ గైర్హాజరు వేస్తుంది. పది రోజులు వరసగా రాకపోతే ఇంటికి వెళ్ళి కారణం కనుక్కోవాలని నిబంధన ఉండడం వల్ల ఆవిడ తాళం తీసుకుని స్టోర్ రూంలోకి వెళ్ళి, “బాబూ, బడికి రండి,” అని పిలిచొచ్చింది కూడా.

ఇదంతా నవ్వుకోడానికి బానే ఉండేది, కానీ పిల్లలు నవ్వలేదు. ఇన్నాళ్ళూ బూచోడంటే వాళ్ళకి సగమే నమ్మకం. ఇప్పుడు స్వయంగా మున్సిపాలిటీ వాళ్ళే వచ్చి, కొలతలు తీసి, కాగితం అంటించారు. ఇక అనుమానం ఏముంటుంది? పదకొండింటికి వరాలమ్మ బియ్యం కోసం స్టోర్ రూం తలుపు తీస్తుంది. ఆ తలుపు కిర్రుమంటుంది. కిర్రుమనగానే పదిహేను మందీ ఒక్క కేకతో లేచి, దొరికిన దారిన పరుగు. దొరికిన దారి ఒకటే, ఆ ఎనిమిదడుగుల గాలి. దాని అవతల లారీలు.

మొదటి రోజు ఒక పూలబ్బాయి సైకిలు అడ్డం పెట్టి ఆపాడు. రెండో రోజు నుంచి సువార్త పదకొండింటికల్లా ఫ్యాక్టరీ నుంచి పరిగెత్తుకొచ్చి, రెండు స్తంభాల మధ్య చేతులు బార చాపి నిలబడ్డం మొదలెట్టింది. పిల్లలంతా వచ్చి ఆవిడ కడుపు మీద, తొడల మీద దబదబా గుద్దుకుని ఆగేవాళ్ళు. నిస్సీ అందరికంటే ముందుండేది. మూడో రోజు తన పాత చీర ఒకటి తెచ్చి స్తంభాల మధ్య కట్టింది. నాగభూషణం వచ్చి, అనుమతి లేని అడ్డుతెర అని దాన్ని విప్పించి, మడతపెట్టి, రసీదు ఇచ్చి తీసుకుపోయాడు.

ఫ్యాక్టరీలో మేస్త్రీ పిలిచాడు. “ఏమ్మా సువార్తా, రోజూ పనిమధ్యలో ఎక్కడికెళ్తున్నావు?”

“గేటుగా నిలబడ్డానికండి.”

“ఇంకో నాలుగు రోజులు చూస్తాను. ఆ తర్వాత గేటుగానే ఉండిపో, ఇక్కడికి రాకు.”

సువార్తకి ఆ పని పోతే ఇల్లు గడవదు. పనికి పోతే పదకొండింటికి ఆ స్తంభాల మధ్య ఎవరూ ఉండరు. మర్నాడు, అంటే నోటీసు పదమూడో రోజున, పిల్లల్ని ఆపి లోపలికి తోలి, ఆయాసంతో స్టోర్ రూం గోడకి ఆనుకున్నప్పుడు, మొదటిసారి ఆ నోటీసు చివరిదాకా చదివింది. పదో తరగతి దాకా చదువుకున్న మనిషి. అడుగున చిన్నక్షరాలతో ఇలా ఉంది: “ఈ నోటీసుపై సదరు ఆక్రమణదారు తన జవాబును వ్రాతపూర్వకముగా సమర్పించుకొనవచ్చును. జవాబు అందిన మూడు రోజులలోగా కమిషనరు వారు స్వయముగా పరిశీలించి తగు చర్య గైకొందురు.”

సువార్త దాన్ని రెండుసార్లు చదివింది. తన మాట వినడానికి ఆ ఆఫీసులో దారి లేదు. నాలుగేళ్ళ పిల్ల మాట రాసుకుంటారు కానీ ఏం రాసుకుంటారో పిల్లకే తెలియాలి. బూచోడి మాట మాత్రం మూడు రోజుల్లో, స్వయంగా!

మధ్యాహ్నం ఫ్యాక్టరీలో అందరూ క్యారేజీలు విప్పుకుంటుంటే ఆవిడ ఒక అట్టపెట్టె మీద కాగితం పెట్టుకుని కూర్చుంది. పక్కనున్న వాళ్ళు ఏంటే ప్రేమలేఖా అని ఏడిపించారు. ఆవిడ తలెత్తలేదు.

“గౌరవనీయులైన కమిషనర్ గారికి, బూచోడు వ్రాయునది. అయ్యా, మీ నోటీసు చదువుకున్నాను. నేను కావాలని రాలేదండి. రోడ్డున పోతుంటే ఎక్కడా గేటు కనపడలేదు, లోపలికి వచ్చేశాను. గేటుంటే ఆగిపోయేవాణ్ణి. నేను వచ్చినట్టే ఎవడైనా రావచ్చు. లోపలున్న వాళ్ళు ఎవరైనా బయటికి పోవచ్చు. నాకూ పిల్లలున్నారండి. పొద్దస్తమానం ఆ రోడ్డు మీద లారీలు తిరుగుతుంటే నాకు చేతులాడట్లేదు. ఏ నిమిషాన ఏ కబురు వస్తుందో అని ఎటు చప్పుడైనా ఉలిక్కిపడుతున్నాను. దయచేసి ముందు గేటు పెట్టించండి. పెట్టించిన మూడో రోజున ఖాళీ చేసి వెళ్ళిపోతాను. ఇట్లు, మీ విధేయుడు, బూచోడు.”

సంతకం దగ్గర కాస్త ఆలోచించి, క్యారేజీ గిన్నె అడుగున ఉన్న మసిలో బొటనవేలు అద్ది కాగితం మీద నొక్కింది. మర్నాడు దాన్ని స్టోర్ రూం తలుపు కింద సగం లోపలికి, సగం బయటికి పెట్టింది. గడువు దగ్గరపడిందని చూడ్డానికి వచ్చిన నాగభూషణానికి దొరికింది. అతను చదివాడు, తలుపు వంక చూశాడు, రెండడుగులు వెనక్కి వేసి విస్సంరాజు గారికి ఫోన్ చేశాడు.

విస్సంరాజు గారు భూతద్దంతో వచ్చారు. సువార్త అక్కడే, స్తంభాల మధ్య నిలబడి చూస్తోంది.

“దస్తూరీ ఎవరిదైనా కావచ్చు,” అన్నారాయన. “వేలిముద్ర చూడాలి.” భూతద్దం పెట్టారు, తీశారు, తుడిచి మళ్ళీ పెట్టారు. “నాగభూషణం, ఇలా రా. ఒక్క గీతైనా ఉందా?”

“లేదండి. నున్నగా ఉంది.”

“మనిషన్నవాడికి గీతలుండవా? ఇది మనిషి వేలు కాదు.” ఆయన కాగితాన్ని రెండు చేతులతో, గౌరవంగా పట్టుకున్నారు. “అసలుదే!”

సువార్త చేతులు వెనక్కి పెట్టుకుంది. పదకొండేళ్ళుగా జీడిగింజల నూనె ఆవిడ వేళ్ళ మీద గీతల్ని కొంచెం కొంచెంగా తినేసింది. రేషన్ షాపులో మిషను కూడా ఆవిడ్ని గుర్తుపట్టదు.

మూడు రోజులన్నవారు రెండో రోజునే వచ్చేశారు కమిషనర్ గారు. కారు ఆ ఎనిమిదడుగుల గాలిలోంచి తిన్నగా లోపలికి వచ్చింది. ఆయన స్టోర్ రూం ముందు నిలబడి ఉత్తరాన్ని పైకే చదివారు. ‘ఏ నిమిషాన ఏ కబురు వస్తుందో’ దగ్గరికొచ్చేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“చూశారా విస్సంరాజు గారూ! ఎంత బాధ్యత! ఎంత ఆవేదన! ఆక్రమణదారు అయ్యుండి కూడా బాలల భద్రత గురించి ఆలోచించాడు. ఈ పట్టణంలో ఒక్క పౌరుడైనా, ఒక్క తల్లైనా, ఈ గేటు విషయం మన దృష్టికి తెచ్చిందా?”

“లేదండి. రికార్డుల్లో ఎక్కడా లేదండి,” అన్నారు విస్సంరాజు గారు. ఆయన అబద్ధం చెప్పలేదు.

స్తంభం పక్కన నిలబడ్డ సువార్త నేల చూసింది.

“గేటు మంజూరు! ఆక్రమణల తొలగింపు పద్దు కింద, రేపటికల్లా!”

మర్నాడు నిజంగానే గేటు వచ్చింది. అదే పాత గేటు. స్టోర్లోంచి తీసి, సమ్మెట్లతో సాపు చేసి, నీలం రంగేశారు. మధ్యలో తెల్లటి అక్షరాలతో ‘ఆక్రమణ తొలగింపు పరికరం – 1’ అని రాశారు. ఇద్దరు పనివాళ్ళు మధ్యాహ్నానికి బిగించేశారు. సువార్త దాన్ని మూసి చూసింది, తీసి చూసింది, గడియ పైకీ కిందికీ ఆడించి చూసింది. ఆ రెండు రోజులూ ఫ్యాక్టరీలో తలెత్తకుండా గింజలు కొట్టింది. మేస్త్రీ ఏమీ అనలేదు.

మూడో రోజు పొద్దున ఖాళీ చేసే కార్యక్రమం. షామియానా వేశారు, ఫోటోగ్రాఫరుని పిలిచారు. సువార్త కూతుర్ని దింపడానికి వచ్చేసరికి గేటు పక్కన అదే పనివాళ్ళిద్దరూ పానాలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

“ఏంటన్నా, ఇంకా బిగించాలా?”

“బిగించడానికి కాదమ్మా, విప్పడానికి.”

ఆవిడ విస్సంరాజు గారి దగ్గరికి పరిగెత్తింది. “సార్! గేటు విప్పడమేంటి సార్?”

“అది గేటు కాదమ్మా, పరికరం.” ఆయన ఫైలు తెరిచి చూపించారు. “బూచోడు ఖాళీ చేశాడని లబ్ధిదారు ధ్రువీకరించగానే పని పూర్తయినట్టు. పని పూర్తయ్యాక పరికరాన్ని స్టోరుకి వాపసు చెయ్యాలి. లేకపోతే నా మీద ఆడిట్ వస్తుంది.”

“ధ్రువీకరించకపోతే?”

“ఎందుకు ధ్రువీకరించదు? పాపకి అబద్ధం చెప్పాల్సిన పనేముంది?” అని ఆయన చాక్‌పీసుతో నేల మీద గీత గీశారు. “మీరు దీని వెనకాల ఉండండి.”

సువార్త గీత వెనక్కి వెళ్ళింది. కూతురికి ఒక్క మాట చెప్పడానికి కూడా టైము లేదు. చెప్పినా ఏం లాభం? ఆ రోజు గేటు గేటు అని దారంతా పాడించి తీసుకెళ్తే ఏం చెప్పిందో చూసింది కదా. నిస్సీని అప్పటికే షామియానా కింద చిన్న కుర్చీలో కూర్చోబెట్టారు. కమిషనర్ గారు దాని కంటికి సమానంగా వంగాలని ప్రయత్నించి, కుదరక, మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు.

“పాపా, వెళ్ళి చూసి రామ్మా. బూచోడు పోయాడా?”

నిస్సీ స్టోర్ రూం దాకా వెళ్ళింది. వరాలమ్మ తలుపు తీసి పట్టుకుంది. నిస్సీ మెడ మాత్రం లోపలికి పెట్టి, బియ్యం బస్తా వెనక్కి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, తలుపు నుంచి గేటు దాకా మొత్తం ఒకసారి చూసుకుంటూ నింపాదిగా నడుచుకొచ్చింది. పనివాళ్ళు పానాలు బోల్టులకి తగిలించారు. సువార్త చేతులు కట్టుకుని, కళ్ళు కూడా గట్టిగా మూసుకుంది, కళ్ళతో సైగ చేసిందంటారేమోనని.

“పోయాడా తల్లీ?”

“లేదు.”

“లేదా? ఎందుకు పోలేదు?”

నిస్సీ ఆయన వంక జాలిగా చూసింది. ఇంత పెద్దాయనకి ఇది కూడా తెలీదా అన్నట్టు.

“గేటేసేశారుగా. ఎలా పోతాడు?”

ఫోటోగ్రాఫరు కెమెరా దించేశాడు.

“సార్,” అన్నారు విస్సంరాజు గారు మెల్లిగా, “పోనీ గేటు తీసేసి చూద్దామా? దారి దొరికితే...”

“ఎలా తీస్తామండీ?” కమిషనర్ గారు మోకాళ్ళు దులుపుకుంటూ లేచారు. “గేటు పెడితేనే ఖాళీ చేస్తానని వ్రాతపూర్వకంగా ఇచ్చాడు. మనం తీసేస్తే మాట తప్పినట్టు. అతను కోర్టుకి వెళ్తే?”

“ఉంచితే పోలేడు సార్. పాప చెప్పింది.”

“పాప మాట ఖండించడానికి లేదు.”

“తీస్తే పోడు సార్. ఆయన ఉత్తరం ఉంది.”

అలాంటి చిక్కు ఆఫీసు చరిత్రలో రాలేదు. అయినా అలాంటి చిక్కులకి పనికొచ్చే ఒక వాక్యం ప్రతి ఆఫీసులోనూ ఉంటుంది. విస్సంరాజు గారు పెన్ను తీశారు.

“తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు యథాతథ స్థితి అని రాసెయ్యమంటారా సార్?”

“రాయండి. బూచోడు లోపలే, గేటు బయటే. ఎవరూ ఏదీ కదపడానికి వీల్లేదు!”

పనివాళ్ళు పానాలు సంచీలో వేసుకున్నారు. కారు బయటికి వెళ్ళింది. నాగభూషణం సైకిలు దిగి, గేటు తీసి, బయటికి వెళ్ళి, మళ్ళీ వేశాడు.

పదకొండైంది. ఏమైనా సరే, పిల్లలకి అన్నం వండాలి కదా, వరాలమ్మ బియ్యానికి వెళ్ళింది. తలుపు కిర్రుమంది. పదిహేను మందీ ఒక్క కేకతో లేచి పరుగందుకున్నారు. సువార్త అలవాటుకొద్దీ అడ్డంగా దూకబోయి, మధ్యలోనే ఆగిపోయింది. పిల్లలు నీలంరంగు గేటుకి దబదబా గుద్దుకుని, ఊచలు పట్టుకుని ఆగారు. అవతల ఒక ఇసుక లారీ హారన్ కొట్టుకుంటూ దుమ్ము రేపుకుంటూ పోయింది. నిస్సీ ఊచల్లోంచి దానికి టాటా చెప్పింది.

సువార్త పక్కనుంచి సందు చేసుకుని బయటికి వచ్చి, గడియ వేసి, ఒకసారి లాగి చూసుకుని, ఫ్యాక్టరీ వైపు నడిచింది. పరిగెత్తలేదు.